ఎదురుపాట

నాకు నాణేలంటే ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నాణేల పిచ్చి మా ఆయనది. ఆ పిచ్చికి కాళ్ళు మాత్రం నావి. కర్నూలు పాతబస్తీ ఇత్తడి అంగళ్ళ నుంచి కడప వెండి బట్టీల దాకా, మధ్యలో సంతలూ తిరునాళ్ళూ కలుపుకొని కొన్నేళ్ళుగా తిరుగుతున్నది నేను. ఆసుపత్రి వార్డుల్లో నిలబడి నిలబడి అరిగిపోయిన మోకాళ్ళు, ఇంక విశ్రాంతి ఎప్పుడని అడుగుతూనే ఉన్నాయి. వాటికి జవాబు చెప్పడం మానేశాను.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. సంచిలో పడిన చిల్లరను డిపోలో అప్పజెప్పేముందు ఒకసారి ఏరి చూసుకునేవారు. పాతదో వింతదో కనిపిస్తే అంత డబ్బు తన జేబులోంచి వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవారు. పెళ్ళైన కొత్తలో క్రిస్మస్‌కు ముందు ఇంట్లో ఇత్తడీ రాగీ అంతా చింతపండుతో తోముతూ, ఆయన నాణేల పళ్ళెం కూడా తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఆయన చూసి తిట్టలేదు. పళ్ళెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నారు.

"ఏమే, ఈ నలుపు మురికి కాదు. అన్నేండ్లు భూమిలో పడుంటే పట్టిన రంగు. అది పోతే దాని విలువ పోయినట్లే. తోమిన నాణేన్ని తెలిసినోడు ఎవురూ కొనడు" అన్నారు.

అప్పటినుంచి ఆ పళ్ళెం జోలికి నేను పోలేదు. మురికిని మురికి కాదనే మనిషితో కాపురం ఎట్లా ఉంటుందో మాత్రం కొంచెం బెంగపడ్డాను.

ఆయన కళ్ళు పాడవడం మొదలయ్యాక ఈ వ్యవహారం నా నెత్తిన పడింది. కంటి నరం ఎండిపోతోందన్నారు డాక్టరు. ఉన్న చూపును కొన్నాళ్ళు నిలుపుకోవడమే తప్ప పోయింది రాదన్నారు. ముందు పక్కచూపు పోయింది. తర్వాత ముదురు రంగులన్నీ ఒకటైపోయాయి. స్టీలు గ్లాసు మీద మెరుపు, తెల్లచీర అంచు, ఎండ పడిన గోడ, ఇట్లాంటివే ఆయనకు కొంచెం తెలుస్తాయి. ఆల్బంలో ఉన్న రాగి నాణేలన్నీ ఆయనకిప్పుడు నల్లటి గుంటలు. అయినా రోజూ మధ్యాహ్నం ఆల్బం ఒళ్ళో పెట్టుకొని ప్లాస్టిక్ అరల మీద వేలు పోనిస్తూ కూర్చుంటారు. ఒక అర దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగుతుంది. అది ఖాళీ.

అందులో ఉండాల్సింది ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళు మద్రాసులో కొట్టించిన రాగి డబ్బు. డబ్బన్నది అప్పట్లో ఒక నాణెం పేరే. దాని మీద తెలుగు అక్షరాలు ఉంటాయట. ఎవరి చేతిలోనో ఒకసారి చూశారు, అంతే.

"మన అక్షరాలు రాగి మీద కొట్టినారే, దాన్ని నాదిగా పెట్టుకొని ఒక్కసారి చూడాల. చూపు ఉండంగానే చూడాల" అన్నారు.

ఏమీ అడగని మనిషి అది ఒక్కటే అడిగారు. మోకాళ్ళకు పట్టీ కట్టుకొని బయలుదేరాను.

ఆయన నాకు నేర్పిన పాఠం ఒకటే. ధర ఇంట్లోనే తేల్చుకోవాలి, అంగట్లో తేల్చుకోకూడదు. ఆ రాగి డబ్బు బాగుంటే పదిహేను వందలు, అంతకు మించి రూపాయి పెట్టకూడదు. అమ్మేవాడు ఎక్కువ చెబితే నవ్వి లేచి రావాలి. ముఖంలో ఆశ కనపడనివ్వకూడదు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా రోగుల ముందు ముఖం మామూలుగా పెట్టుకున్నదాన్ని, అది నాకు కష్టం కాలేదు.

కష్టమైంది మిగతాదంతా. వెండి కరిగించే వాళ్ళ దగ్గర మోసం తక్కువ, పాత రూపాయిని తూకం వేసి వెండి ధరకే ఇస్తారు. కానీ రాగి వాళ్ళు పట్టించుకోరు. ఆదోని సంతలో పాత సామాన్లు పరిచి కూర్చునే మనిషి, "ముందు దుడ్లు తియ్యమ్మా, ఆమీట చూద్దువు" అంటాడు. చేతిలోకి తీసుకొని చూడనివ్వని చోట కొనకూడదని ఆయన చెప్పారు, కాబట్టి లేచి వచ్చాను. ఒంటిమిట్ట కల్యాణానికి పోతే ఒకాయన గుడ్డ మీద రాములవారి పట్టాభిషేకం బిళ్ళలు పరుచుకొని, రాయలవారి కాలం నాటివని చెబుతున్నాడు. అంచు మీద మిషను గీత ఇంకా కొత్తగా ఉంది. భక్తులు కళ్ళకద్దుకొని కొంటుంటే ఏమనగలం? మంగంపేట నుంచి ఒక లారీ డ్రైవరు ఫోన్ చేశాడు, ముగ్గురాయి గనిలో దొరికిందని. రెండు బస్సులు మారి పోయి చూస్తే అచ్చులో పోతపోసిన నకిలీ. గనికి అవతల నిలబడి తిన్న దుమ్ము మాత్రం అసలుది.

వీళ్ళందరికన్నా ఎక్కువ అలసట తెప్పించింది మాత్రం మామూలు జనం. ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయని ఎవరో ఫోనులో చెప్పారట. ఇంక మేము నాణేలు కొంటామని తెలిస్తే చాలు, పాలు పోసే ఆమె దగ్గర నుంచి ఆటో ఆయన దాకా బీరువా అడుగున ఉన్నదంతా తెచ్చి చూపించారు. వాటి విలువ ఇంత అని నిజం చెబితే నేను మోసం చేస్తున్నట్లు చూశారు. ఒకావిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

రాగి దగ్గర నిజాయితీ కనిపించింది ఒక్క చోటే. పాతబస్తీలో తుక్కు ఇత్తడి కొనే ఒక పెద్దాయన. నకిలీ వస్తే తనే పక్కకు తీసి, "ఇది అస్లీ కాదమ్మా, మీరు పోగొట్టుకోవద్దు" అనేవాడు. ఆ పెద్దాయన దగ్గరే ఒకసారి మేము వెతికే రాగి డబ్బు కనిపించింది. గోధుమ రంగు తిరిగి, అక్షరాలు చక్కగా ఉన్న నాణెం. రెండున్నర వేలు చెప్పాడు. అప్పటికి మా ఆయనకు చూపు ఇంకా కొంచెం ఉంది, పక్కనే ఉన్నారు. నాణేన్ని కంటి దగ్గరికి తీసుకోబోయి ఆగారు. చూస్తే మనసు లాగుతుందని కాబోలు, తీసుకోకుండానే నా చెయ్యి పట్టుకొని లేచారు. పెద్దాయన మళ్ళీ పిలుస్తాడని పాఠం ప్రకారం వారం ఆగాం. వారం తర్వాత పోతే బెంగళూరు మనిషి ఎవరో కొనుక్కుపోయాడు. తర్వాత ఆ అంగడే మూతపడింది.

ఆ ఏడాదికే చూపు బాగా దిగిపోయింది.

మా పుట్టిల్లు బద్వేలు దగ్గర ఒక పల్లె. అక్కడి గుడిలో, గుడి అంటే మా చర్చి, ఏటా కోత పండుగ చేస్తారు. పండిన దాంట్లో మొదటిది దేవునికి తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి. అక్కడ వేలం అంటే బజారు వేలం కాదు. గుమ్మడికాయ ధర వంద దాటకపోయినా వెయ్యికి పాడతారు. పాడినవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకుపోరు, మళ్ళీ బల్ల మీదే పెట్టేస్తారు. అదే గుమ్మడికాయ ఇంకొకరు పాడతారు. ఆఖరికి ఎవరో ఒకరు వండుకుంటారు. తక్కువకు కొని చంకన పెట్టుకుపోవడమన్నది మా ఊళ్ళో పేరు పోగొట్టుకోవడమే.

పోయిన కోత పండుగకు ఆయన్ను తీసుకొని పోయాను. నాణేల గొడవ లేని ప్రయాణం ఒకటి చేద్దామని నా ఆశ. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బల్ల మీద ఎప్పుడూ బస్తాలు పేర్చే చోట కొన్ని చేటల చెనిక్కాయలు, రెండు గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన ఒక కోడి. వాటి పక్కన తెల్లటి గుడ్డ మీద చిన్నదేదో మెరుస్తోంది. ఉంగరమేమోనని దగ్గరికి పోయి చూశాను.

రాగి నాణెం. ఒకవైపు తెలుగు అక్షరాలు.

ఇంకా దగ్గరికి వంగి చూశాను. ఆ నాణెం కొత్త చెంబులాగా తళతళలాడుతోంది. చింతపండు, ఇటుకపొడి పెట్టి ఎవరో చేతులు నొప్పి పుట్టేలా తోమారు. రంగంతా పోయింది, అంచు అరిగింది, సగం అక్షరాలు మసకబారాయి. ఆయన నేర్పిన లెక్క ప్రకారం దాని ధర రెండు వందలు.

ఆయన మగవాళ్ళ వైపు మొదటి వరుసలో కూర్చున్నారు. పోయి చెవిలో చెప్పాను. "మీరు వెతికేది ఈడ ఉండాది. తెలుగు అక్షరాలదే."

ఆయన ముఖం నా వైపు తిరిగింది. ఆ ముఖం చూశాక తోమిన సంగతి చెప్పలేకపోయాను. ఇంతలో పాస్టరు అయ్యగారు ప్రార్థనకు లేచారు. నేను ఆడవాళ్ళ వైపు పోయి కూర్చున్నాను. ఎట్లాగూ పాడేది నేనే కదా, కొన్నాక నెమ్మదిగా చెప్పవచ్చులే అనుకున్నాను.

వేలం వేసేది మా సంఘ పెద్ద. నాకు వరుసకు తమ్ముడు. కోడి, గుమ్మడికాయలు అయ్యాక నాణేన్ని వేళ్ళతో పైకెత్తి చూపించాడు.

"ఇది మన పెద్దమ్మ ఇచ్చింది. ఈ ఏడు ఆయమ్మ చేన్లో ఏమీ పండలేదు. ఉపాధి పనిలో కుంట తవ్వుతాంటే దొరికిందంట. పాట మొదలుపెట్టండప్పా."

పెద్దమ్మ నాకు ముందు వరుసలోనే ఉంది. మొగుడు పోయిన మనిషి, ఒకటిన్నర ఎకరా మెట్ట. తల మీద కొంగు సరిచేసుకొని నేల వైపు చూస్తూ కూర్చుంది. గుళ్ళో ఎవరూ నోరు విప్పలేదు. గుమ్మడికాయైతే పాడతారు గాని, చెల్లని రాగి బిళ్ళకు ఏమని పాడతారు?

"రెండు వందలు" అన్నాను.

పెద్దమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో అంత సంతోషం ఉంటుందని నేను అనుకోలేదు.

"అక్క పాట రెండు వందలు. ఒకటోసారి. రెండోసారి."

"ఐదు వందలు." మగవాళ్ళ వైపు నుంచి. ఆ గొంతు మా ఆయనది.

గుడంతా నవ్వింది. నా గొంతు గుర్తుపట్టలేదు కాబోలు అనుకున్నాను. కళ్ళు పెద్దవి చేసి చూస్తే ఆయనకు కనిపించదు, చెయ్యి ఊపితే కనిపించదు. అందుకని ఇంకొంచెం గట్టిగా, "ఆరు వందలు" అన్నాను.

"వెయ్యి."

"ఏం బావా, ఇంట్లో మాట్లాడుకోని రాలేదా?" అన్నాడు తమ్ముడు. జనం మళ్ళీ నవ్వారు. "అక్కా, ఇంకా పాడతావా?"

తల అడ్డంగా ఊపాను. ఒళ్ళు మండిపోతోంది. ఇన్నాళ్ళూ సంతల్లో రూపాయి రూపాయికి గీచి గీచి బేరమాడింది ఇందుకా అనిపించింది.

"బావ పాట వెయ్యి. ఒకటోసారి."

"పదిహేను వందలు" అన్నారు మా ఆయన.

ఈసారి ఎవరూ నవ్వలేదు. తమ్ముడు కొంచెం ముందుకు వంగి, "బావా, వెయ్యి కూడా నీదే. ఎదురు ఎవురూ పాడలేదు" అన్నాడు మెల్లగా.

"తెలుసప్పా. పదిహేను వందలు. దాని ధర అంత."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి కూడా అనకుండానే తమ్ముడు నాణేన్ని తీసుకుపోయి ఆయన అరచేతిలో పెట్టాడు. పెట్టి, ఆచారం ప్రకారం చెయ్యి చాచి నిలబడ్డాడు. "తిరిగి పెడతావా బావా? ఇంకోపాట పాడదాం."

ఆయన పిడికిలి మూసుకున్నారు. "లేదప్పా. ఇది మాత్రం ఇయ్యను."

అప్పుడు నవ్వారందరూ, తమ్ముడు కూడా.

భోజనాల దగ్గర పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "దేవుని బల్ల మీద పెట్టేది కదా కూతురా, మసిబొగ్గు మాదిరి ఉండేదాన్ని ఎట్ల పెడదామని తోమినా. శానా తోమినా. మెరిసింది కదా?" అంది.

"మెరిసింది పెద్దమ్మా" అన్నాను. ఆమె వేళ్ళ సందుల్లో ఇటుకపొడి ఎరుపు ఇంకా ఉంది.

బద్వేలు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నం, నీడ లేదు. అప్పటిదాకా పట్టుకున్న కోపం అక్కడ బయటికొచ్చింది. "అది తోమిన నాణెం. మీరు చూడలేదు. రెండు వందలు కూడా ఎక్కువే దానికి. నేను పాడుతున్నానని తెలిసి కూడా ఎదురు పాడితిరి. ఇంతకాలం నా చేత అన్ని ఊర్లు తిప్పించి, ఆఖరికి చేసింది ఇదా?"

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. "తోమినారని చేతిలో పెట్టినప్పుడు తెలిసింది. జారిపోతాండాది. చింతపండు వాసన ఇంకా ఉండాది" అన్నారు.

"మరి పాడేటప్పుడు?"

"అప్పుడు తెలీదు. నువ్వు రెండు వందలంటే, పాఠం ప్రకారం కింద నుంచి పాడతాండావనుకుంటి. ఎదురు ఎవురూ లేరు. రెండు వందలకే మనకు వచ్చేస్తాది. ఆ ముసలామెకు దాని ధర తెలీదు. నాకు తెలుసు కదా. తెలిసి ఎట్ల తీసుకునేది?" అని ఆగి, "నువ్వు సరిగ్గానే పాడినావులే. రెండు వందలే దాని ధర" అన్నారు.

ఇన్నేళ్ళ తిరుగుడులో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడు కూడా నాకు ఏడుపే వచ్చింది. డబ్బుకు కాదు. ఆల్బంలో ఆ ఖాళీ అర నిండే రోజు ఇట్లా వస్తుందని అనుకోలేదు. తోమి పాడుచేసిన నాణెం ఒకటి, చూడలేని కళ్ళు రెండు.

ఆయన జేబులోంచి దాన్ని తీసి వేళ్ళతో తడుముతున్నారు. తిప్పుతుంటే ఎండ పడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ అటు తిప్పారు, ఇటు తిప్పారు. తల కొంచెం పక్కకు వంచి, ఇంకా కొంచెం వంచి చూశారు.

"ఏమే" అన్నారు. "కనపడతాండాది."

"ఏం కనపడతాండాది?"

"గుండ్రంగా. ఎర్రగా. ఇదో, ఈ అంచు. మెరుస్తాండాది."

నేను ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడిపోయాను. ఇంట్లో ఆల్బం నిండా ఎవరూ తోమకుండా కాపాడుకున్న నాణేలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆయనకు కనిపించదు.

"అక్షరాలు?" అని అడిగాను.

"అవి లేవు. నువ్వు చదువు."

నాణేన్ని తీసుకొని చదివాను. ముందు అక్షరాలు అరిగిపోయాయి. చివర ఒక 'డ', దాని పక్కన 'బ్బు' మాత్రం తెలుస్తున్నాయి. ఆయన గోరుతో వాటి మీద రాసి చూసుకొని, "డబ్బు" అన్నారు నెమ్మదిగా. అని, "ఇంక కొంచేపు ఎండకు పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. బస్సు ఆలస్యమైంది. మోకాళ్ళు పీకుతున్నాయి, భుజం లాగేస్తోంది. బస్సు వచ్చి మా ముందు ఆగేదాకా చెయ్యి మాత్రం దించలేదు.